బాబాయి కొన్న కడ్డీ

వెండి మీద జోస్యం చెప్పడానికి పంచాంగం అక్కర్లేదు. ధర అప్పటికే పెరిగి ఉంటే చాలు. 2015 చివర్లో కిలో 35 వేల లోపు దొరుకుతుంటే ఒక్క జోస్యుడూ నోరు మెదపలేదు. లక్ష దాటాక గొంతు సవరించుకున్నారు. 2025 డిసెంబరులో రెండు లక్షలు దాటేసరికి యూట్యూబులో పీఠాలు వేసుకుని కూర్చున్నారు.

మా బాబాయి ఆ పీఠాలన్నిటికీ భక్తుడు. "సోలారు పలకల్లో వెండిరా, కరెంటు కార్లలో వెండిరా, ఏఐ యంత్రాల్లో వెండిరా! గనుల్లో మాత్రం లేదు. ఇంకేం కావాలి?" అంటాడు. ఇందులో నిజం ఉంది, చిక్కంతా అదే. పచ్చి అబద్ధమైతే పిన్నే ఆపేసేది. వెండి కోసమే తవ్వే గనులు తక్కువ. సీసం, జింకు, రాగి తవ్వుతుంటే వాటి వెంట వచ్చేదే ఎక్కువ. మన దేశంలో వెండి తీసే హిందుస్థాన్ జింక్ పేరులోనే జింకు ఉంది. కాబట్టి ధర రెట్టింపైందని రేపటి నుంచి రెట్టింపు తవ్వి పోయలేరు. కానీ వెండి మరీ ప్రియమైతే సోలారు కంపెనీలు దాన్ని తగ్గించి రాగి వైపు చూస్తాయన్న ముక్క ఉందే, అది వీడియో చివర్లో వస్తుంది. బాబాయి వీడియోలు సగమే చూస్తాడు.

ఈ నమ్మకం కొత్తదేం కాదు. టెక్సాస్ చమురు సొమ్ముతో పెరిగిన హంట్ సోదరులు, కాగితం డబ్బు ఎప్పటికైనా చిత్తుకాగితమే అనుకుని వెండి మీద పడ్డారు. మనలా కుంకుమ భరిణెతో సరిపెట్టలేదు, అప్పులు చేసి ప్రపంచ మార్కెట్టునే మూట కట్టబోయారు. 1979 మొదట్లో ఆరు డాలర్లున్న ఔన్సు 1980 జనవరికి యాభై అంచుకు చేరింది. అప్పుడు ఎక్స్ఛేంజి వాళ్లు నిబంధనలు బిగించారు. మార్చి 27న, గురువారం పూట, 11 డాలర్ల లోపుకు కూలింది. అన్నదమ్ములు 1988లో దివాలా తీశారు. వెండి మళ్లీ ఆ యాభై గడప దాటింది 2025 అక్టోబరులో. అంటే 45 ఏళ్లకి. ఈలోగా అమెరికాలో సరుకుల ధరలు నాలుగు రెట్లయ్యాయి. ఈ కథ చెబితే బాబాయి ఒక్కటే అన్నాడు: "వాళ్లకి ఓపిక లేదురా."

ఓపిక సంగతీ చూద్దాం. 2011 ఏప్రిల్లో కిలో 70 వేలు దాటినప్పుడు ఎగబడి కొన్నవాళ్లు 2020 దాకా అసలు మొహం చూడలేదు. అది కూడా వెండి గొప్పతనం ఒక్కటే కాదు. డాలరు ముందు రూపాయి జారుతూ జారుతూ వెండి పరువు కాపాడింది. మన దగ్గర వెండి లాభాల్లో సగం కథ రూపాయి నష్టాలదే. దాని మీద వీడియో ఎవడూ చెయ్యడు.

2025 ధనత్రయోదశికి ఇంకో విచిత్రం. మన ఊళ్లలో ఆ పండక్కి లోహం కొనే ఆనవాయితీ ఎప్పుడు మొదలైందో మా నాయనమ్మకైతే తెలియదు. కానీ ఆ ఏడు కడ్డీలు లేవంటే జనం ఇంకా ఎగబడ్డారు. లేదన్న సరుకు మీద మనకున్న మమకారం ఉన్న సరుకు మీద ఉండదు కదా. లండన్‌లో కొరత, ఇక్కడ అసలు ధర మీద పైధర. కొన్ని మ్యూచువల్ ఫండ్లు ఈ రేటుకు మేమే కొనలేమంటూ వెండి పథకాల్లోకి ఒకేసారి పెట్టే డబ్బు తీసుకోవడం ఆపేశాయి. డబ్బు వద్దనే ఫండు ఎక్కడైనా ఉంటుందా? ఉందంటే అదే పెద్ద హెచ్చరిక. బాబాయికి మాత్రం అది ముహూర్తంలా వినిపించింది. శనివారం పండగనాడు కిలో కడ్డీ తెచ్చాడు. మంగళవారం ప్రపంచ మార్కెట్టులో వెండి జారిపడింది. రెండు రోజులు అన్నం సహించలేదు. డిసెంబరులో రెండు లక్షలు దాటాక మళ్లీ సహించింది. అప్పటి నుంచి ఇంట్లో ఎవరికీ మాట్లాడే హక్కు లేదు.

"అమ్మెయ్ బాబాయ్, లాభం వచ్చిందిగా" అన్నాను. ఊళ్లో ఎవరో పోయినట్టు చూశాడు. "ఇంట్లో లక్ష్మిని అమ్ముకుంటామట్రా?" మన పెట్టుబడి శాస్త్రంలో కొనడానికి వంద అధ్యాయాలుంటాయి, అమ్మడానికి ఒక్కటీ ఉండదు.

ఒకవేళ అమ్మబోయినా సుఖం లేదు. కొన్నప్పుడు కట్టిన మూడు శాతం జీఎస్టీ ఎవరూ వెనక్కివ్వరు. కడ్డీకి కాస్త నయం. అదే కంచమో, కుందులో, పట్టీలో అయితే కొనేటప్పుడు మజూరీ, తరుగు కలిపి తూచిన చెయ్యే, అమ్మేటప్పుడు "టచ్ చూడాలి సార్" అంటుంది. రాళ్లు తీసేస్తుంది, మైనం తీసేస్తుంది, మన ఉత్సాహం కూడా తీసేస్తుంది. రెండేళ్లు దాటాక అమ్మితే లాభం మీద పన్నెండున్నర శాతం పన్ను. దాచిన చోటా తిప్పలే. పది లక్షల బంగారం చొక్కా జేబులో పడుతుంది. కిలో రెండు లక్షల లెక్కన పది లక్షల వెండి అయిదు కిలోలు. పైగా నల్లబడుతుంది. షేరు కొన్నవాడెవడూ ఆదివారం కూర్చుని దాన్ని విభూతి పెట్టి తోమడు.

అసలు తమాషా బ్యాంకులో ఉంది. రిజర్వు బ్యాంకు 2025లో ఇచ్చిన నిబంధనల ప్రకారం 2026 ఏప్రిల్ నుంచి వెండి మీదా అప్పు తీసుకోవచ్చు. మనిషికి పది కిలోల దాకా నగలు, అరకిలో దాకా నాణేలు తాకట్టుకు ఒప్పుకుంటారు. కడ్డీలకు మాత్రం అప్పివ్వరు. అంటే పెట్టుబడి కాదు, ఆడంబరం అని బాబాయి వెక్కిరించిన పిన్ని కాళ్ల పట్టీలకు బ్యాంకులో విలువుంది. బీరువాలో పట్టుగుడ్డ కప్పుకుని పడుకున్న ఆయన పెట్టుబడికి లేదు. ఈ సంగతి పిన్నికి తెలిసింది. ఈమధ్య ఆవిడ కాస్త గట్టిగా నడుస్తోంది.

రేపు ధర ఎటు పోతుందని నన్నడగకండి. తెలిస్తే నేను కాలమ్ రాసుకుంటూ ఉండను. తెలిసినట్టు చెప్పేవాణ్ని కూడా అడగకండి. అడగాల్సింది కొట్టువాణ్ని. వెండికి హాల్‌మార్కు ఇంకా తప్పనిసరి కాదు, అయినా ఉన్నదే ఇమ్మనండి. డబ్బు కట్టే ముందు "ఇదే సరుకు రేపు తెస్తే ఆనాటి రేటులో ఎంత తగ్గించి తీసుకుంటారు?" అని అడిగి, ఆ మాట బిల్లు మీద రాసివ్వమనండి. రాసిస్తే కొనండి. నవ్వి టీ తెప్పిస్తే, టీ తాగి వచ్చేయండి.