ఊరికే వచ్చే అడ్రసులకు పిసినారి లెక్క

ప్రైవేట్ క్లౌడ్‌లో వర్చువల్ రూటర్‌కు సాధారణంగా మూడు ఇంటర్‌ఫేస్‌లుంటాయి. ఒకటి కస్టమర్ వైపు, ఒకటి ఇంటర్నెట్ వైపు, మూడోది ఆ రూటర్‌ను ఆడించే మేనేజ్‌మెంట్ సర్వర్ వైపు. మొదటి రెండింటి అడ్రసుల కోసం మీటింగులు జరుగుతాయి, టీలు వస్తాయి. మూడోది టీ కప్పులు తీసేశాక గుర్తుకొస్తుంది.

అపాచీ క్లౌడ్‌స్టాక్‌లో ఈ మూడో ఇంటర్‌ఫేస్ సంగతి హైపర్‌వైజర్‌ను బట్టి ఉంటుంది. కేవీఎం అయితే 169.254తో మొదలయ్యే లింక్-లోకల్ అడ్రస్ సరిపోతుంది; అది హోస్ట్ గడప దాటదు. వీఎంవేర్ అయితే ప్రతి రూటరూ పాడ్‌కు, అంటే ఒకే సబ్‌నెట్‌లోని హోస్టుల గుంపుకు, కేటాయించిన మేనేజ్‌మెంట్ అడ్రసుల్లోంచి ఒకటి పట్టుకుపోతుంది.

అక్కడే పెద్దల పొదుపు బయటపడుతుంది. పదహారు హోస్టులున్నాయి కనుక స్లాష్ 24 ధారాళమని సంతకం పెట్టేస్తారు. అందులో వాడదగ్గవి 254. గేట్‌వేకు 1, హోస్టులకు 16, క్లౌడ్ తన సొంత పనులకు నడిపే సిస్టమ్ వీఎంలకు ఓ 10 పోగా మిగిలేవి 227. ఒకటి పడిపోతే రెండోది ఆదుకోవాలని కస్టమర్‌కు రెండేసి రూటర్లు పెడితే 113 మందికి సరి. నూట పద్నాలుగో కస్టమర్‌కు అర జత దక్కుతుంది. సర్వర్లలో మెమరీ ఖాళీ, డిస్కులు ఖాళీ. అతని నెట్‌వర్క్ మాత్రం లేవదు.

ఇంతా చేసి ఆదా అయినది ఏమీ లేదు. 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1918 ప్రకారం ఒక్క 10 శ్రేణిలోనే 1,67,77,216 ప్రైవేట్ అడ్రసులు ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఎంగిలిచేత్తో కాకిని తోలనివాడికి మెతుకులు రాలతాయన్న భయమైనా ఉంటుంది. ఇక్కడ రాలే మెతుకే లేదు.

తర్వాత మార్చుకోవచ్చులే అనేవారికి బళ్లారి కంటోన్మెంట్ ధైర్యమివ్వవచ్చు. అక్కడి పాత తెలుగు ఇల్లు అంగుళం కదలకుండా 1953 అక్టోబర్ 1న మద్రాసు రాష్ట్రం నుంచి మైసూరుకు చేరింది, 1973 నవంబర్ 1న కర్ణాటకది అయింది, 2014లో ఇంగ్లిష్ చిరునామాలోనూ ‘బళ్లారి’ వచ్చి కూర్చుంది. పోస్ట్‌మాన్ సర్దుకున్నాడు. క్లౌడ్‌లో సర్దుకునే పోస్ట్‌మాన్ ఉండడు: మాస్క్, అంటే ఆ స్లాష్ అంకె, మారిస్తే ప్రతి హోస్ట్‌నూ, గేట్‌వేనూ, ఫైర్‌వాల్ నిబంధనలనూ ముట్టుకోవాలి.

కాబట్టి లెక్క రూటర్లతో మొదలుకావాలి. 200 మంది కస్టమర్లకు రెండేసి చొప్పున 400. దానికి హోస్టులూ సిస్టమ్ వీఎంలూ కలపాలి. పాత రూటర్ ఉండగానే కొత్తది లేచే అప్‌గ్రేడ్‌లకు మరికొన్ని విడిచిపెట్టాలి. 1,022 అడ్రసులిచ్చే స్లాష్ 22 దీనికి సరిపోతుంది. ఎంచుకున్న శ్రేణి ఆఫీసు వీపీఎన్‌తోనూ, డాకర్ తనంతట తాను వాడుకునే 172.17 శ్రేణితోనూ ఢీకొనకూడదు. పక్కనే అంతే ఖాళీ ఉంచితే, పెరిగే రోజున మళ్లీ మీటింగు పెట్టే పని ఉండదు.