కల్లం ఒక్కటే, కల్లేదారూ ఒక్కడే

భారత కాంపిటీషన్ కమిషన్ పెద్దలకు, న్యూఢిల్లీ



డోర్నకల్–భద్రాచలం రోడ్ రైలు దారిలోని కారేపల్లి నుంచి రాస్తున్నాం. మా మండలం పేరు సింగరేణి. బొగ్గు కంపెనీకి పేరిచ్చింది మా ఊళ్లే. ఆఫీసు మాత్రం కొత్తగూడెంలో కట్టుకున్నారు. పేరొక చోట, గల్లాపెట్టె ఇంకో చోట ఉండే ఏర్పాట్లు మాకు అలవాటే కనుక గూగుల్ ఆటల దుకాణం గొడవలో మాటాడే అర్హత మాకూ ఉందనుకుంటున్నాం.

2022 అక్టోబర్ 25న మీరు గూగుల్‌కు 936.44 కోట్ల జరిమానా వేశారు. ప్లే స్టోర్‌లో యాప్ పెట్టినవాడు డబ్బు వసూలుకు గూగుల్ బిల్లింగే వాడాలనడం ఆధిపత్య దుర్వినియోగం అన్నారు. 2025 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ ఆ జరిమానాను 216.69 కోట్లకు దించింది. మా సంతలో మేకల బేరం కూడా అంత కిందికి దిగదు.

పెద్దగా పెరగడం నేరం కాదు, ఆ పెద్దరికంతో ఎదుటివాడి మెడలు వంచడమే నేరమని 2002 నాటి మీ చట్టం. బాగుంది. ఆపిల్ దుకాణం కూడా ఉంది కదా అన్న వాదన వస్తే మీరు తోసిపుచ్చారు. అదీ బాగుంది. మా పిల్లగాళ్లు ఫ్రీ ఫైర్ లాంటి ఆటలు ఆడుకోవడానికి ఐఫోన్ కొనిపెట్టే తండ్రులు ఈ చుట్టుపక్కల నాకైతే కనబడలేదు.

దుకాణం ఒక్కటే అయితే ఎలా ఉంటుందో చూడాలంటే ఏప్రిల్, మే నెలల్లో ఇటు రండి, బీడీలు చుట్టే తునికాకు కల్లం చూపిస్తాం. తెల్లారకముందే అడవికి పోయి తెంపిన ఆకును యాభై చొప్పున కట్టలు కట్టి వరసగా పేరుస్తారు. కల్లం పెత్తనం చూసే కల్లేదారు వచ్చి లెక్క చూస్తాడు. సన్నాకు, చిల్లులాకు అని పక్కకు తోస్తే మారుమాట ఉండదు. ఎందుకంటే 1971లో చట్టం చేసి తునికాకు వ్యాపారాన్ని సర్కారు తన చేతిలో పెట్టుకుంది. బీడీల కంపెనీ ఎక్కువ ఇస్తానన్నా మోసుకుపోయి అమ్ముకునే వీల్లేదు. హైదరాబాదులో ఆట తయారుచేసే కుర్రాడి సంగతీ అంతే. ఏడాదికి మొదటి పది లక్షల డాలర్ల దాకా నూటికి 15, ఆపైన 30 అన్నది దుకాణం పెట్టిన లెక్క. మీ ఉత్తర్వు తర్వాత వేరే బిల్లింగ్ వాడుకోవచ్చన్నారు, కానీ వాటాలో తగ్గించింది నూటికి 4 మాత్రమే! డబ్బు వేరే గల్లాలో పడ్డా కల్లేదారు వంతు కల్లేదారుకే.

అయితే ఒక మాట. దుకాణం బయటి నుంచి యాప్ ఎక్కించుకోబోతే ఫోను హెచ్చరిస్తుంది, అది వట్టి బెదిరింపు కాదు. పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలు, అంటే యాప్‌ను నేరుగా ఎక్కించే ఫైలు, నొక్కి ఖాతాలు ఊడ్చుకుపోయిన రైతులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. కాపలా కావాలి, కాదనం. కాపలాకు కూలి ఇవ్వండి. పంటలో పాలు ఎందుకివ్వాలి?

ఇంకోటి కూడా చెబుతాం, కోపం వద్దు. ఒక్కటే గుమ్మం ఉంటే సర్కారుకూ సుఖమే. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్, జూలైలో బీజీఎంఐ అనే మరో ఆట ప్లే స్టోర్ నుంచి మాయమయ్యాయి, ఢిల్లీ నుంచి ఒక్క కాగితం చాలింది. బీజీఎంఐ 2023 మేలో తిరిగొచ్చింది. ఫ్రీ ఫైర్ తమ్ముడు 'మ్యాక్స్' మాత్రం అదే దుకాణంలో దర్జాగా ఉండిపోయాడు, పిల్లలు ఆ పూటే అటు మారారు. గుమ్మాలు నాలుగైతే ఇన్ని కాగితాలు ఎవరు రాస్తారు? ఈ సంగతి మీ ఫైళ్లలో ఎక్కడా ఉండదు గానీ, గుత్తను విరగ్గొట్టమని ఒక చేతికి చెప్పి, రెండో చేత్తో దాన్నే వాడుకుంటే కేసు ఎన్నటికి తెగుతుంది?

చీకటి పడ్డాక స్టేషన్ బెంచీల మీద పిల్లలు తలలు ఆనించుకుని ఆడుతుంటారు. వంద రూపాయల రీడీమ్ కోడ్‌తో ఆటలో వాడే డైమండ్లు కొన్నవాణ్ని ఈ వందలో ఆట చేసినోడికి ఎంత పోతుందిరా అని అడిగితే, "మొత్తం ఆడికే గదన్నా" అన్నాడు. కనుక విరగ్గొట్టే పని మీ వీలు చూసుకుని చేయండి. ఈలోగా ఒక్క ఉత్తర్వు ఇప్పించండి: డబ్బు కట్టగానే ఫోనులో వచ్చే రసీదు మీద దుకాణం వాటా ఎంతో తెలుగులో, పెద్ద అక్షరాలతో వేయాలని.

ఇట్లు,
కారేపల్లి వాస్తవ్యుడు