కారవాన్ అన్న

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఏ దిక్కు చూసినా గల్ఫ్ నుంచి వాపసొచ్చినవాళ్లు ఎక్కువగా ఇల్లు కట్టుకొని కూర్చుంటారు. ఇంటికి చక్రాలు పెట్టాలనుకునేవాడు వేయికి ఒకడుంటాడు. ఆ ఒక్కడు మా వెల్గటూర్ దిక్కున్నాడు. అందరూ ఆయనను కారవాన్ అన్న అంటారు.

అరబ్బు సేఠ్‌లు ఎడారిలో బండి ఆపి, అందులోనే వండుకొని, అందులోనే పడుకోవడం ఏండ్ల తరబడి చూశాడాయన. ఊళ్లో దిగీదిగగానే ఏదో బడివాళ్లు అమ్మకానికి పెట్టిన స్వరాజ్ మజ్దా బస్సు కొన్నాడు. ఆ కంపెనీ పేరు 2011లోనే ఎస్ఎంఎల్ ఇసుజు అయింది. ఈ బస్సు అంతకు ముందుది. ఎవరన్నా నవ్వితే జవాబు సిద్ధంగా ఉంటుంది. "ఎన్టీఆర్ చైతన్యరథం కొత్త బండా? పాత షెవర్లే వ్యానే గద. అండ్లనే తిన్నడు, అండ్లనే పన్నడు, రాష్ట్రమంత తిరిగిండు." మాట అబద్ధం కాదు. ఆ వ్యానును రోడ్డెక్కించే ముందు బాగు చేయించారన్న ముక్క ఒక్కటే మింగేస్తాడు.

లోపలికెక్కితే మాత్రం మెచ్చుకోక తప్పదు. సిరిసిల్ల బట్ట కర్టెన్లు, మడత మంచం, గ్యాస్ పొయ్యి, ఫ్రిజ్, దేవుని ఫొటో చుట్టూ రంగులు మారే లైట్లు. వెనకాల 300 లీటర్ల నీళ్ల ట్యాంకు. అంటే నీళ్లే 300 కిలోలు. బడిపిల్లలైతే బస్సంతా సర్దుకొని కూర్చునేవాళ్లు. ట్యాంకు వెనక ఇరుసు దాటి వేలాడుతుంది. వెనక వంగితే ముందు తేలుతుంది కదా, స్టీరింగు తేలికైపోయింది. అన్నకు అదీ గొప్పే. "ఒక్క వేలుతోని తిప్పొచ్చు!" తిప్పొచ్చు, నిజమే. తిప్పిన సంగతి చక్రాలకు తెలిసేసరికే కొంచెం ఆలస్యమవుతుంది.

బ్రేకు మూడుసార్లు పంపు కొడితే పడుతుంది. "పాత బండి గద, జర ముందుగాలనే చెప్పాలె" అంటాడు. ఆర్సీలో బస్సు, లోపల ఇల్లు. ఇట్లా మార్పులు చేస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద రవాణాశాఖ అనుమతి ఉండాలని ఎవరో గుర్తుచేశారు. గృహప్రవేశం అయినంక చూద్దామన్నాడు.

జగిత్యాలలో షెడ్డు నడిపే ఉస్తాద్ దగ్గరికి బండి పోయింది కూడా హారన్ మార్పించడానికే. ఉస్తాద్ హారన్ ముట్టలేదు. ముందు చక్రాన్ని జాకీతో లేపి, టైరును పైనా కిందా పట్టుకొని ఊపాడు. టక్, టక్. చక్రం ఊగితే తప్పు బేరింగుదా, కింగ్‌పిన్నుదా తెలుసుకోవడానికి సులువైన పద్ధతుంది. ఒకరు బ్రేకు తొక్కి పట్టుకుంటే ఇంకొకరు ఊపాలి. ఊగుడు ఆగితే బేరింగు, ఆగకపోతే కింగ్‌పిన్ను. అన్న సీటెక్కి తొక్కాడు. టక్, టక్.

"తొక్కినవా అన్నా?"

"తొక్కిన్నే, నేలకే ఆనింది."

ఉస్తాద్ చేతులు తుడుచుకున్నాడు. "బ్రేకే లేకపాయె, నీ బండిల రోగం సూసే మంత్రం గూడ నడుస్తలేదు."

అన్నకు వెంటనే ఆలోచన తట్టింది. డిస్కు బ్రేకులు వేయిస్తే? ఉస్తాద్ ఒప్పుకోలేదు. ఈ ఇరుసుకు సరిగ్గా కూర్చునే డిస్కు తయారుగా దొరకదు, పట్టీలు వెల్డింగ్ చేసి కూర్చోబెడితే ఆ వెల్డింగ్ దగ్గరే విరుగుతుంది, ఉన్న డ్రమ్ములనే మంచిగా చేసుకుందామన్నాడు. కోడిగుడ్డు లెక్కయిన డ్రమ్ములను లేత్ పట్టించాలి. లైనర్లు, వీల్ సిలిండర్లు, మాస్టర్ సిలిండర్, రబ్బరు పైపులు కొత్తవి వేయాలి. నల్లబడ్డ బ్రేక్ ఆయిల్ మొత్తం తీసేయాలి. ఆ ఆయిల్ గాలిలోని చెమ్మను పీలుస్తుంది. ఘాట్ దిగేటప్పుడు వేడెక్కి ఆ చెమ్మ ఆవిరైతే పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. ఇక ముందు భాగానికి కింగ్‌పిన్ కిట్టు, టై రాడ్ ఎండ్లు, ఎలైన్‌మెంట్. ట్యాంకు రెండు ఇరుసుల నడుమకు రావాలి.

అన్న అంతా విని ఒకే ప్రశ్న అడిగాడు. "ఇయ్యన్ని బయటికి కనబడ్తయా?"

"కనబడయి."

అన్న మొహం చిన్నబోయింది. ఆ రోజు కొత్త హారన్ పెట్టించుకొనే వెళ్లాడు.

ఆయనకు ఇంకో విద్య కూడా ఉంది. దిగుడు రాగానే గేరు తీసి ఇంజిన్ బంద్ చేసి డీజిల్ మిగిలిస్తాడు. ఇంజిన్ ఆగితే బూస్టరుకు వ్యాక్యూమ్ ఆగుతుంది. ఒకటి రెండు తొక్కుళ్లకే పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. గేరు పట్టూ ఉండదు. వేగం 40 నుంచి 60కి పెరిగితే బ్రేకులు మింగాల్సిన శక్తి రెండుంబావు రెట్లవుతుంది. మిగిలిన డీజిల్ ఎంతో అన్న చెప్తాడు, ఈ లెక్క చెప్పడు.

దారికి తెచ్చింది వదినే. బండి పూజకు కొండగట్టు పోదామన్నాడు. 2018 సెప్టెంబర్ 11న ఆ ఘాట్ రోడ్డులోనే ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. అక్కడ హాస్యం చెల్లదు. వదిన గడప దాటలేదు. "ఫ్రిజ్ల నీళ్లు సల్లగుంటె సాలదు, నా పానం సల్లగుండాలె. బిరేకులు బాగైనంకనే ఎక్కుత."

అట్లా బ్రేకుల పని అయింది. ఉస్తాద్ ఏమేం చెప్పాడో అన్నీ వేయించానని అన్న అంటాడు. ఆ బిల్లును లామినేషన్ చేయించి టీవీ పక్కన తగిలించాడు. కనబడని పనికి ఆయన కనిపెట్టిన ఉపాయం అది. కింగ్‌పిన్నుల బిల్లు మాత్రం ఆ పక్కన ఇంకా చేరలేదు. నా లెక్కలో ఇది సగం పనే.

వచ్చే మేడారం జాతరకు ఆయన మిమ్మల్నీ రమ్మంటాడు, అందరినీ రమ్మంటాడు. మొహమాటపడకుండా ఒక పని చేయండి. ఇంజిన్ బంద్ ఉండగా పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కి, కాలు తీయకుండానే స్టార్ట్ చేయమనండి. పెడల్ కొంచెం దిగి ఆగితే ఎక్కి కూర్చోండి. దిగుతూనే పోతే మీరూ దిగిపోండి.