నేను కదిలే అరమరను

నేను పైన్ కర్రతో, ప్లైవుడ్‌తో పుట్టిన అరమరను. నాకు నాలుగు చక్రాలున్నాయి. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఒక తెలుగువారి గరాజు, అందులో కారు ఆగే చోటు దాటాక ఉన్న లోతైన మూల నా నెలవు. నా పక్కనే నాలాంటివే మరో రెండున్నాయి.

మేం రాకముందు ఆ మూలంతా పెట్టెల మీద పెట్టెలే. సంక్రాంతి కొలువుకు మట్టిబొమ్మలు కావాలంటే ముందున్న సూట్‌కేసులు, గ్రైండరు, పిల్లల సైకిళ్ళు అన్నీ బయటికి లాగాల్సిందే. వెనకబడ్డ వస్తువు ఉన్నా లేనట్టే. అందుకే ఇంటావిడ రంపం పట్టింది.

8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పున్న ఒక్క ప్లైవుడ్ షీటు నుంచి నా నాలుగు పలకలూ వచ్చాయి. ఒక్కోటి 4 అడుగుల లోతు, 2 అడుగుల వెడల్పు. రంపం తినేసే కాస్త కర్రనూ ఆమె లెక్కలో వేసుకుంది. స్క్రూ దిగేచోట ముందే సన్నటి బెజ్జం వేసింది. అలా వేయకపోతే కర్ర చివర చీలిపోతుంది.

చట్రం బిగించేముందు, కూతుర్ని చూడవచ్చిన పెద్దాయన అడిగాడు.

"కర్ణాలు కొలిచావా అమ్మాయ్?"

"కొలిచాను నాన్నా, రెండూ సమానమే."

కర్ణాలు సమానమైతేనే మూలలు మట్టంగా ఉన్నట్టు.

నా ప్రాణమంతా చక్రాల్లో ఉంది. సామానుతో కలిపి నా బరువు 600 పౌండ్లయితే ఒక్కో చక్రం 150 మోస్తే చాలుననిపిస్తుంది. కానీ నేల ఎగుడుదిగుడుగా ఉన్నచోట ఒక చక్రం గాల్లోకి లేస్తుంది, బరువంతా మూడింటి మీదే పడుతుంది. అందుకే 4తో కాక 3తో భాగించి, 200 మోయగలవాటిని తెచ్చింది. కాంక్రీటు ఇష్టమొచ్చినట్టు పగలకుండా నేలలో గాళ్ళు కోస్తారు. చిన్న చక్రాలు వాటిలో ఇరుక్కుంటాయి కాబట్టి నాకు 5 అంగుళాలవి పెట్టింది. అవి పక్కలకు తిరగవు, తిన్నగా ముందుకూ వెనక్కూ మాత్రమే పోతాయి. పక్కవాళ్ళను రాసుకోకుండా బయటికి వస్తాను.

నీళ్ళు పోవడానికి గరాజు నేలను తలుపువైపు కాస్త వాలుగా పోస్తారు. వదిలేస్తే నేనూ అటే జారతాను. అందుకే ముందు చక్రాలకు బ్రేకులు, లోపలున్నప్పుడు గోడకు గొళ్ళెం. గ్రైండరు, పనిముట్ల పెట్టె నా అడుగు అరలో ఉంటాయి. బరువు పైకెక్కితే నేను ఒరిగిపోతాను. సూట్‌కేసులు పైన, కొలువు బొమ్మలు చేతికందే నడిమి అరలో. ప్రతి అర అంచుకూ ఒక పట్టీ ఉంది, లాగినప్పుడు ఏదీ జారిపడదు.

ఇంట్లో చోటు చాలదని దిగులుపడేవారికి నేను చెప్పేదొక్కటే. మీకు కొరవడింది చోటు కాదు, వెనకున్న వస్తువును అందుకునే దారి. ఆ దారి మీరే వేసుకోవచ్చు. చక్రాల బలం దగ్గర మాత్రం పొదుపు చెయ్యకండి, కర్ణాలు కొలవకుండా ఆఖరి స్క్రూ బిగించకండి.