మేడ పని మిగిలుండగానే పాలు పొంగించే పద్ధతి

శ్లాబు పడితే ఇల్లు అయిపోయినట్టే అని నమ్మే పెద్దమనుషుల కోసం ఈ చిట్కాలు. పాత డాబాకి వెనకవైపు రెండు గదులు కలిపారు, మీద ఒక అంతస్తు లేపారు, ప్లాస్టింగు కూడా అయింది. ఏనుగు వెళ్ళింది, తోక మిగిలింది. ఆ తోక దగ్గర కొందరు ఓపిగ్గా ఒక పని తర్వాత ఒక పని చేయించుకుని, చుట్టాలకి చెప్పుకోడానికి ఒక్క గొడవైనా లేని ఇంట్లో కాపురం ఉంటున్నారు. మీకా గతి పట్టకూడదు.

అన్నిటికన్నా ముందు ముహూర్తం. గోడ ఆరిందా, కిటికీలకి అద్దాలు పడ్డాయా అని చూసుకుని ముహూర్తం పెట్టించేవాడు అమాయకుడు. కార్డులు అచ్చయి, అమెరికా ఆడపడుచు టికెట్టు కొనుక్కున్నాక గోడ మొహం చూడాలి. నెల ఏదంటే, శ్రావణం శ్రేష్ఠం. ఆషాఢంలో ఎవరూ గృహప్రవేశం చెయ్యరు, భాద్రపదం శూన్యమాసం అంటారు, అందుకని ఊరంతా శ్రావణం మీదే పడుతుంది. పెయింటర్లు దొరకరు. దొరికినా పైన వాన. ప్లాస్టింగుని కనీసం 7 రోజులు తడపాలి, ఆ తర్వాత ఓ 28 రోజులైనా ఆరనివ్వాలి, అప్పుడు లప్పం పెట్టుకోవాలి అని పెయింటర్ గొణుగుతాడు. పట్టించుకోకండి. రెండు టేబుల్ ఫ్యాన్లు అద్దెకి తెచ్చి గోడ వైపు తిప్పి పెట్టండి. గోడ పైపైన తెల్లబడగానే లప్పం, ప్రైమర్, రెండు కోట్లు లాగించేయండి. లోపలున్న తడి ఎక్కడికీ పోదు. మెల్లగా బయటికొస్తూ సిమెంటులోనూ ఇటుకలోనూ ఉన్న ఉప్పుని వెంట తెచ్చుకుంటుంది. దసరా దాటేసరికి రంగు బుడగలు కట్టి, గోరుతో గీస్తే తెల్లటి పొడి రాలుతుంది. అప్పుడు పెయింటు కంపెనీని తిట్టుకోవచ్చు, కాలక్షేపానికి లోటుండదు.

డబ్బు దగ్గర మొహమాటమే మర్యాద. మొత్తం పనిలో పదో వంతో, కనీసం 5 శాతమో ఆపి, ఒక వానాకాలం చూసి ఇస్తామని ముందే కాగితం రాసుకునేవాళ్ళున్నారు. అలాంటివాళ్ళ గురించి వీధిలో ఏమనుకుంటారో మీకు తెలుసు. మేస్త్రి ఒక సాయంత్రం వస్తాడు. చెప్పులు బయట విడిచి, మెట్టు మీదే కూర్చుంటాడు.

“బాబుగారూ, మీ పనంటే నా సొంత పని. ఉన్న కాస్తా రెండ్రోజుల్లో ఊడ్చేస్తాను. కూలోళ్ళు ఇంటిమీదకొస్తన్నారు, ఆ బేలన్సు చూడండి.”

ఇక ఆలోచించకండి. లెక్క ముగించి, పైన పంచె, కండువా కూడా పెట్టండి. ఎల్లుండి నుంచి ఆయన వేరే ఊళ్ళో శ్లాబు పోయిస్తుంటాడు. మీ దగ్గరికి కుర్రాణ్ణి పంపిస్తాడు. కుర్రాడు పదకొండింటికి వస్తాడు, చేతిలో తాపీ ఉండదు. “అంకుల్, పాత బకెట్టుందా? రెండు గుడ్డ పేలికలు ఇస్తారా? వైట్ సిమెంట్ అరకిలో తెప్పిస్తారా?” అంటాడు. మీరు బండేసుకుని బజారు నుంచి వచ్చేసరికి భోజనానికి వెళ్ళుంటాడు. సాయంత్రానికి ఒక చిల్లు పూడుతుంది, ఆ చిల్లు కింద కొత్త టైల్స్ మీద వైట్ సిమెంట్ గట్టిపడుతుంది.

మిగిలిపోయిన పనులు రాసి పెట్టుకునే అలవాటుంటే ఇవాళే మానుకోండి. “పడమటి గది, కిటికీ రెండో రెక్క, గడియ పట్టడం లేదు” అని గదుల వారీగా రాసి, పక్కన తేదీ వేసి, మేస్త్రి చేత సంతకం పెట్టిస్తే ఆ రెక్క నిజంగానే బాగుపడే ప్రమాదం ఉంది. ఫోన్లో “కాస్త అన్నీ చూసుకో మేస్త్రీ” అనండి చాలు. “అట్టాగే బాబుగారూ” అంటాడు. ఇద్దరికీ హాయి.

పనివాళ్ళందరినీ ఒకే వారంలో దించండి. సోమవారం పెయింటర్ ఆఖరి కోటు వేస్తాడు. మంగళవారం వడ్రంగి తలుపులు చిత్రిక పడతాడు, ఆ పొట్టంతా తడి రంగుకి అంటుకుంటుంది. బుధవారం ఏసీ మనిషి గోడకి బొక్క కొడితే ఇటుకపొడి ఎర్రగా కిందిదాకా చార కడుతుంది. గురువారం గ్రానైట్ కుర్రాళ్ళు స్కర్టింగ్ అంచులు కోస్తారు, మేడంతా బూడిద. శుక్రవారం పెయింటర్ మళ్ళీ వచ్చి ఎక్కడికక్కడ అతుకులు వేస్తాడు. పొద్దున్న వెలుతురులో ఏమీ కనిపించవు. రాత్రి ట్యూబులైటు గోడ వారగా వెలిగితే మాత్రం అతుకులన్నీ లెక్కపెట్టుకోవచ్చు. ఈ పనులు సరిగ్గా తిరగేసి చేయించేవాళ్ళూ ఉన్నారు: కోతలు, బొక్కలు, చిత్రికలు అన్నీ ముగిశాక ఆఖరి కోటు. వాళ్ళ గోడల్లో చూడ్డానికేముంది, ఉత్త రంగు.

బాత్రూం దగ్గర కాస్త నిదానించాలి, చెడగొట్టడానికి ఇంత వీలున్న గది ఇంట్లో ఇంకోటి లేదు. వాటర్‌ప్రూఫింగ్ పూత వేశాక నహానీ ట్రాపులో గుడ్డ కుక్కి, నేలంతా నీళ్ళు నిలగట్టి, 24 నుంచి 48 గంటలు అలాగే వదిలి, కింద గది సీలింగుకి చెమ్మ దిగుతుందేమో చూడమంటారు. రెండు రోజులు నిలవనీళ్ళని చూస్తూ కూర్చోడానికి మనకి పనీపాటా లేదా? టైల్స్ వేసేయించండి. చెమ్మ దిగితే దిగుతుంది, అదీ కింద పాత పడగ్గదిలో, మీ మంచానికి సరిగ్గా పైన. ఎక్కణ్ణించి వస్తోందో కనిపెట్టాలంటే టైల్స్ పగలగొట్టాలి. ఆ టైల్స్ మీవే, డబ్బూ మీదే, అభ్యంతరం చెప్పేవాడెవడు?

వాటం సంగతి కూడా అంతే. 8 అడుగుల పొడవున్న బాత్రూంలో ఈ చివర నుంచి ట్రాపు దాకా ఓ అంగుళం పల్లం ఉంటే నీరు దానంతటదే పోతుంది. టైల్స్ మేస్త్రి ఉండగానే దూరపు మూలలో ఒక చెంబు నీళ్ళు గుమ్మరిస్తే ఆ సంగతి నిమిషంలో తేలిపోతుంది. గుమ్మరించకండి. ఆయన “నా కన్నే లెవెలండీ” అన్నాక ఇంకా పరీక్ష పెడితే ఏం బాగుంటుంది? నీరు తలుపు వెనక మడుగు కడుతుంది, పొడి కాలు పెట్టాల్సిన చోటే. తలుపు చెక్కదైతే అడుగున నాని ఉబ్బుతుంది. ఎటూ గడియ పట్టదు కాబట్టి దానికీ బెంగ లేదు.

టైల్స్ తట్టి చూడడం ఇంకో చాదస్తం. రూపాయి బిళ్ళతో వరసగా తడుతూ పోతే, కింద మాలు నిండుగా పడినచోట ఒక శబ్దం, నాలుగు మూలలా నాలుగు ముద్దలు, మధ్యలో ఒక ముద్ద పెట్టి అతికించినచోట డొల్ల శబ్దం వస్తాయి. డొల్ల అని తెలిస్తే మనసు పాడవుతుంది. ఎప్పుడో గ్యాస్ సిలిండర్ దొర్లించినప్పుడు మూల విరిగితే, అది సిలిండర్ తప్పు. మిగిలిన టైల్స్ పెట్టెలు మాత్రం ఆ వారంలోనే షాపుకి తిప్పి పంపి డబ్బు తెచ్చుకోండి. రెండేళ్ళ తర్వాత అదే డిజైన్, అదే షేడ్ కోసం ఊళ్ళో షాపులన్నీ తిరగొచ్చు, బ్యాచి మారితే రంగూ మారుతుందన్న జ్ఞానం ఉచితంగా వస్తుంది.

వాస్తు సిద్ధాంతిగారిని ప్లాను గీసే రోజున పిలిస్తే ఆయన పెన్సిలు గీత మారుస్తారు. అందులో రక్తి లేదు. కమోడ్ బిగించాక పిలవండి, వీలైతే మీ తోడల్లుడు తీసుకొచ్చిన సిద్ధాంతిని. “ఈశాన్యంలో మరుగుదొడ్డా!” అని ఆయన గుమ్మంలోనే ఆగిపోవాలి, మీరు దాన్ని ఇంకో మూలకి మార్చాలి. బాత్రూం కింద శ్లాబుని మిగతా గదులకన్నా అడుగు దాకా దించి పోస్తారు, పైపులు ఆ గుంటలో పడుకుంటాయి. కొత్త మూలలో గుంట ఉండదు కనక నేలనే లేపాలి. ఇక మీ బాత్రూం గదిలో అరుగులా ఉంటుంది. అర్ధరాత్రి నిద్రకళ్ళతో దిగేవాళ్ళకి మొదటి వారం తెలుస్తుంది, చుట్టాలకి ప్రతిసారీ తెలుస్తుంది.

పాత గోడ, కొత్త గోడ కలిసేచోట నిలువునా నెర్రె వస్తుంది. గుంటూరు, ప్రకాశం వైపు నల్లరేగడి అయితే చెప్పక్కర్లేదు, ఆ నేల వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది. పాత పునాది ఎప్పుడో కుదురుకుంది, కొత్తది ఇప్పుడిప్పుడే కూర్చుంటోంది. ఇంజినీరుని అడిగితే అక్కడ సందు వదిలి, సాగే సీలెంటు నింపి, పైన పట్టీ కొట్టమంటాడు. మేస్త్రిని అడిగితే “ఎయిర్ క్రాకండీ” అంటాడు. నా అనుభవంలో తెలుగునేల మీద గాలి చేసినన్ని పగుళ్ళు భూకంపాలు కూడా చెయ్యలేదు. మేస్త్రి మాటే వినండి. లప్పం రాయండి. మళ్ళీ ఏడు మళ్ళీ రాయండి.

కరెంటు గురించి రెండు ముక్కలు. మీటరు కింది ఇంటికి తీసుకున్నదే, లోడు అప్పుడు రాయించిందే. మేడ మీద మూడు ఏసీలు, రెండు గీజర్లు పెట్టి, అదనపు కిలోవాట్లకి దరఖాస్తు పెట్టడం మాత్రం మర్చిపోండి. గీజరు వేసినప్పుడల్లా ఆర్‌సీసీబీ పడిపోతుంటే ఎలక్ట్రీషియన్‌తో దాన్ని తీయించేయండి. 30 మిల్లీఆంపియర్ల కరెంటు దారి తప్పినా చాడీ చెప్పే వస్తువది. ప్రాణాలు కాపాడ్డానికి పెట్టారట. చెప్పేవాడు లేకపోతే లీకేజీ ఎక్కడిది? ఈ చిట్కా పాటించేవాళ్ళు ముందుగా వీలునామా రాసుకోవడం మంచిది.

పైపులు, వైర్లు గోడలో పూడ్చేముందు సెల్‌ఫోన్‌తో ఫొటోలు తీసుకోకండి, పక్కన టేపు పట్టుకుని అసలే వద్దు. తువ్వాలు రాడ్ బిగించే రోజు డ్రిల్లు ఎక్కడ దిగాలో దానికే తెలుసు.

ఇక ముహూర్తం రోజు. నెర్రె మీద మామిడి తోరణం వేలాడదీయండి, మరీ పొడవుగా ఉంటే అరటి బోదె ఆనించండి. గుమ్మంలో పరిచిన లేతరంగు గ్రానైట్‌కి సీలర్ పూయించకుండానే, దిష్టి తీసిన గుమ్మడికాయ కుంకుమనీళ్ళతో సహా దాని మీదే పగలగొట్టించండి, మరక ఏళ్ళ తరబడి ఆ శుభదినాన్ని గుర్తు చేస్తుంది. పై బాత్రూం ఎవరైనా అడిగితే “గ్రౌటింగు పచ్చిగా ఉంది” అనండి. ఆవుని మేడ మెట్లు ఎక్కించాలన్న సరదా ఉంటే, మెట్లకి జారకుండా గాళ్ళు కొట్టించకముందే ఎక్కించండి. ఎక్కడం ఎక్కుతుంది, దిగేటప్పుడే నలుగురు కావాలి. వీడియో అబ్బాయికి ముందే చెప్పి పెట్టండి: నెర్రె పడ్డ గోడ ఫ్రేములోకి రాకూడదు, నేల వంపు కనిపించకూడదు, బాత్రూం తలుపు జోలికి పోకూడదు. ఆవు మాత్రం బాగా పడాలి.