ఏడాది ఇకామాకి పదేళ్ల కంప్యూటర్

ర్యామ్ కొనేశారా? ఇంకా లేదా? అయితే మీ పని అయిపోయినట్టే. ఇవాళే కొనండి, రేపటికి ధర ఇంకా పెరుగుతుందని యూట్యూబ్‌లో మన కుర్రాళ్లు గొంతు చించుకుంటున్నారు కదా. మొన్నటిదాకా "తక్కువ బడ్జెట్‌లో పాత పీసీకి కొత్త ఊపిరి" అని వీడియోలు చేసిందీ వీళ్లే. ఆ తక్కువ బడ్జెట్ ఎంతో చూద్దామని చివరిదాకా చూస్తే నాలుగు వేల రియాళ్లు! రియాద్‌లో మనవాళ్లలో చాలామందికి నెల జీతమే అంత రాదు.

వీళ్ల వరస తెలిసిందే. ముందు గ్రాఫిక్స్ కార్డు ఒక్కటీ మార్చు చాలంటారు. మార్చాక పవర్ సప్లై సరిపోదంటారు. అదీ మార్చాక ప్రాసెసర్ వెనకబడిందంటారు. ప్రాసెసర్ మారితే బోర్డు, బోర్డు మారితే డీడీఆర్5 ర్యామ్. చివరికి పాతది మిగిలేది క్యాబినెట్ ఒక్కటే. దాంట్లో గాలి ఆడట్లేదని ఇంకో వీడియో.

వీటన్నిటినీ మించిన మాట ఫ్యూచర్ ప్రూఫ్. "అన్నా, ఇంకో వెయ్యి వేసుకో, పదేళ్లు చూసుకోనక్కర్లేదు!" ఎవరికి చెబుతున్నావు తమ్ముడూ? సౌదీలో నన్ను ఉండనిచ్చే ఇకామా గడువే ఏడాది. 2021లో దాన్ని మూడు నెలలకోసారి రెన్యువల్ చేసుకునే వీలు కూడా కల్పించారు. అంటే కంపెనీవాళ్లు నా భవిష్యత్తుని తొంభై రోజుల ముక్కలుగా కోసి కొనుక్కోవచ్చు. ముదీర్‌కి, అంటే మా మేనేజర్‌కి, ఒళ్లు మండితే ఫైనల్ ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తాడు. మరి ఈ పదేళ్లు ఎవరివి, కార్డువా, నావా?

సరే, ఎగ్జిట్ కొట్టిన రోజున ఆ భవిష్యత్తుని ఎందులో సర్దాలి? విమానంలో లగేజీ ముప్పై కిలోలు. ఖర్జూరాలు, దుప్పట్లు, అక్క అడిగిన సెంటు సీసాలు పోగా ఏడెనిమిది కిలోల గాజు తలుపు డబ్బాకి చోటేదీ? మన కస్టమ్స్‌వాళ్ల ప్రత్యేక మినహాయింపు కూడా ల్యాప్‌టాప్‌కే తప్ప దీనికి లేదు.

హరాజ్ బిన్ ఖాసిమ్ బజారుకి ఒకసారి వెళ్లి చూడండి. వెళ్లిపోయినవాళ్ల మంచాలు, ఫ్రిజ్‌ల మధ్య కంప్యూటర్లు కూడా కనిపిస్తాయి. అవి కొన్న రోజున కూడా పదేళ్ల మాట చెప్పే ఉంటారు.

ఇలాంటి మాటలు మన కుర్రాళ్లే కాదు, కార్డులు చేసేవాళ్లూ చెబుతారు. 5070 కార్డు 4090తో సమానమని 2025 జనవరిలో ఎన్‌విడియా అధినేత జెన్సన్ హువాంగ్ వేదికెక్కి చెప్పాడు, మధ్యలో ఏఐ పుట్టించిన ఫ్రేములు కూడా లెక్కేసుకుని. నేను ఊహించుకునే రియాళ్లు కలుపుకుంటే నా జీతమూ ముదీర్ జీతమూ సమానమే.

అసలు మనవాడికి గేమింగ్ పీసీ ఎందుకు? ఇక్కడ ఉంటున్న మన కుటుంబాల మీద 2017 జులైలో తలకి నెలకు 100 రియాళ్లతో మొదలైన సర్కారు లెవీ 2020 నాటికి 400 అయింది. భార్య, ఇద్దరు పిల్లలు ఉంటే ఏడాదికి 14,400. అది కట్టలేక ఎన్నో తెలుగు కుటుంబాలు ఇళ్లు ఖాళీ చేసి ఊళ్లకి వెళ్లిపోయాయి. ఇక్కడ మిగిలిన తండ్రి డ్యూటీ దిగి, అన్నం వండుకుని, ఊళ్లో ఉన్న కొడుకుతో రాత్రి కాసేపు ఆన్‌లైన్‌లో ఆట ఆడతాడు. అదీ వాడి గేమింగ్.

ఆ కాసేపటి మీద ఎంతమంది పడ్డారో చూడండి. 2025 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 10ని వదిలేసింది. నిక్షేపంగా పనిచేస్తున్న పాత ఇంటెల్ ప్రాసెసర్లు విండోస్ 11కి పనికిరావంది. అదే నెలతో జీటీఎక్స్ 10 సిరీస్ కార్డులకి కొత్త గేమ్ డ్రైవర్లు ఇవ్వడం ఎన్‌విడియా ఆపేసింది. డిసెంబర్‌లో మైక్రాన్ క్రూషియల్ పేరుతో మామూలు జనానికి అమ్మే ర్యామ్ వ్యాపారం మూసేస్తున్నానంది. కారణం దాచలేదు కూడా: ఏఐ డేటా సెంటర్ల గిరాకీ. అవెక్కడో లేవు. ఇక్కడి ఏఐ సంస్థ హ్యుమెయిన్‌కి తొలి విడతలోనే 18,000 బ్లాక్‌వెల్ చిప్‌లు ఇస్తున్నట్టు అదే ఏడాది మేలో ఎన్‌విడియా ప్రకటించింది. పని చేసే యంత్రాన్ని ఒకడు చచ్చిందంటాడు, దానికి కావాల్సిన ముక్కని ఇంకొకడు ఎత్తుకుపోతాడు, బడ్జెట్ సరిగ్గా వేసుకోలేదని మూడోవాడు మనకే పాఠం చెబుతాడు. సిగ్గుండాలి.

అదే రియాద్‌లో 2025 ఈస్పోర్ట్స్ వరల్డ్ కప్‌కి ఏడు కోట్ల డాలర్లకు పైగా బహుమతులు. గేములు చేసే ఈఏ కంపెనీని కొనడానికి సౌదీ సర్కారు నిధి పీఐఎఫ్ భాగస్వామిగా 5,500 కోట్ల డాలర్ల బేరం. మనకి 15 శాతం వ్యాట్.

కాబట్టి ఆ వీడియోలు ఖల్లీ వల్లీ. మూత తీసి దుమ్ము ఊదండి, థర్మల్ పేస్ట్ మార్చండి. ఇంకా హార్డ్ డిస్క్ మీదే నడుస్తుంటే చిన్న ఎస్ఎస్‌డీ వెయ్యండి. ఏఎం4 బోర్డు ఉంటే, దానికి బయోస్ అప్‌డేట్ ఉందో లేదో చూసుకుని రైజెన్ 5 5600 పెట్టండి, పాత డీడీఆర్4 ర్యామే నడుస్తుంది. కార్డు సెకండ్ హ్యాండ్‌దే కొనండి. అమ్మేవాడి గదిలోనే అరగంట గేమ్ ఆడించి, ఎంత వేడెక్కుతోందో చూసి, ఆ తర్వాతే డబ్బులివ్వండి.