ఆగిన బండికి టీకా తాత్పర్యం

మూలం

సెల్ఫు తిరుగుఁ గాని జీవంబు పుట్టదు
పొగయు రాదు వెనుక బుస్సుమనదు
గాలి పట్టెనేమొ కాదేని నీరేమొ
మూత దీసి చూడు ముందు మామ

అవతారిక

కంది బస్తాలతో గిద్దలూరు నుంచి మార్కాపురం వస్తున్న మా పెదనాన్న పాత 407 కంభం దాటగానే ఊపిరి వదిలింది. వేపచెట్టు నీడన కాసేపు నిలబెడితే మళ్లీ లేచింది. తర్లుపాడు దగ్గర మళ్లీ పడుకుంది. ఎక్సెల్ బండి మీద వచ్చిన మేస్త్రి అన్న మాటలివి. ఆయన వచనంలోనే అన్నాడు, ఆటవెలదిలో బిగించిన పాపం నాది. మూలంలో లేనిది రాయనని వ్యాఖ్యాత మల్లినాథ సూరి ప్రతిజ్ఞ. ఆయనకు లోడు బండితో పని పడలేదు కాబట్టి సరిపోయింది.

టీక

సెల్ఫు = బ్యాటరీ బలంతో ఇంజన్‌ను మొదటి చుట్లు తిప్పే మోటారు; తిరుగుఁ గాని = తిరుగుతున్నది గాని; జీవంబు = మంట; పుట్టదు = అంటుకోదు; వెనుక = సైలెన్సరు నుంచి; గాలి = డీజిల్ గొట్టంలో దూరిన గాలి; నీరు = ట్యాంకు అడుగున చేరినది; మూత = ట్యాంకు మూత; ముందు = పానా పట్టకముందే; మామ = ఓ బండిగలవాడా!

తాత్పర్యం

సెల్ఫు తిరుగుతోంది కాబట్టి బ్యాటరీని తిట్టొద్దు. పొగ రావడం లేదు కాబట్టి డీజిల్ ఇంజన్ దాకా చేరడం లేదు. పంపు విప్పే ముందు ట్యాంకు మూత విప్పు.

విశేషాలు

మొదటి పాదంలో అలంకారం విశేషోక్తి. కారణం ఉన్నా కార్యం పుట్టకపోవడం దాని లక్షణం. సెల్ఫు అసలే పనిచేయని బండిని వాలులో తోసి, గేరులో క్లచ్ వదిలితే లేస్తుందే, అది విభావన. మా పల్లెల్లో విభావన మీద నడిచే బండ్లే ఎక్కువ. అందుకే వాటిని రాత్రిపూట మిట్ట మీద ఆపుతారు.

రెండో పాదం తార్కికులకు చిక్కు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందని వాళ్ల వ్యాప్తి. డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్గు ఉండదు. గాలిని నొక్కి, బాగా కాగేలా చేసి, అందులోకి డీజిల్ చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ 1893లో పేటెంటు పొందిన మర్మం ఇదే. చలికాలం పొద్దున ఆ గాలి సరిగా కాగకపోతే చిమ్మిన డీజిల్ కాలకుండానే ఆవిరై తెల్లపొగగా బయటికొస్తుంది. పొగ ఉంది, నిప్పు లేదు! మా బండికి ఆ తెల్లపొగ కూడా లేదు. అంటే చిక్కు ఇంజన్‌లో కాదు, దారిలో.

మూడో పాదం సందేహాలంకారం. గాలి పట్టడం చిత్రమైన జబ్బు. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న గొట్టంలో పీల్పు ఉంటుంది కాబట్టి, అక్కడ వాడేసిన రాగి వాషర్‌నే మళ్లీ బిగిస్తే డీజిల్ చుక్క కూడా బయటికి కారదు. గాలి మాత్రం లోపలికి దూరుతుంది. తడి కనపడదు కాబట్టి ఎవరూ అనుమానించరు. చికిత్స తెలిసిందే: ఫిల్టర్ మీది స్క్రూ కొంచెం వదులు చేసి చేతిపంపు కొట్టాలి. ముందు నురగ వస్తుంది, తర్వాత బుడగలు, ఆ తర్వాత బుడగ లేని ధార. ధార కారుతుండగానే స్క్రూ బిగించాలి. ఇక నీరు. సగం ఖాళీ ట్యాంకులో రాత్రి చెమ్మ పట్టి అడుగుకు దిగుతుంది. కొంచెం డీజిల్ గాజు సీసాలో పట్టి కదపకుండా ఉంచితే అడుగున వేరే గీత కనపడుతుంది.

ఇక్కడ “నాజిల్ పోయెనేమొ” అని ఒక పాఠాంతరం ఉంది. మా పెదనాన్న దానివైపే మొగ్గాడు. నేను ఒప్పుకోను. గణభంగం, పైగా జేబుభంగం.

నాలుగో పాదమే ప్రాణం. అసలు మూత ఎప్పుడో పోయింది. దాని స్థానంలో పాలిథిన్ కవరు కప్పి, సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కట్టారు. డీజిల్ తగ్గేకొద్దీ ట్యాంకులోకి గాలి చేరాలి. దానికోసమే అసలు మూతలో సన్న రంధ్రం ఉంటుంది. కవరుకు ఆ రంధ్రం ఏది? మేము చూసేసరికి అది లోపలికి గుంజుకుపోయి విస్తరాకు దొన్నెలా గుంటపడి ఉంది. ట్యాంకు ఒకవైపు పీలుస్తోంది, ఫీడ్ పంపు ఒకవైపు పీలుస్తోంది. మధ్యలో డీజిల్ కదల్లేదు. బండి ఆగినప్పుడు కవరు సందుల్లోంచి మెల్లగా గాలి దూరేది. అందుకే వేపచెట్టు కింద లేచింది.

“పంపు జోలికి పోబాక మామా” అంటూ మేస్త్రి ట్యూబు ముక్క లాగాడు. ఉస్సుమంది. చేతిపంపు ఇరవై సార్లు కొట్టి, సెల్ఫు వేయించాడు.

మామ: సంబోధన. వ్యాకర్తలు పాదపూరణం అంటారు. మేస్త్రికీ మా పెదనాన్నకూ చుట్టరికం లేదు. కానీ ఆ ఒక్క పిలుపుతో కూలి దగ్గర బేరం ఆడలేక అడిగినంతా ఇచ్చాడు పెదనాన్న. కొత్త మూత మాత్రం కొనలేదు. కవరుకు పిన్నీసుతో బొక్క పెట్టించుకున్నాడు.